నాన్న ప్రెసిడెంటైన మర్నాడు

మా నాన్న బెజవాడలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరరు. ఆయన పాఠం వినడానికి వేరే సెక్షన్ల పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్లని అందరూ చెప్పుకునేవారు. మా ఇంట్లో గోడల మీద దేవుళ్లు ఉండేవాళ్లు కాదు, గడ్డాల పెద్దమనుషుల పటాలుండేవి. అలమర నిండా ఎర్ర అట్టల పుస్తకాలు. అలాంటి మనిషి, అరవైల మొదట్లో ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడుస్తూనే అమ్మతో, "ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశా. ఊళ్లో ప్రెసిడెంటుకి నుంచుంటున్నా," అన్నాడు.

అమ్మ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టి, "ఎవరి మీద?" అని అడిగింది.

అడగాల్సిన పనిలేదు. ఆ ఊళ్లో పంచాయతీ అంటూ పెట్టినప్పటినుంచీ ప్రెసిడెంటు మా మేనమామే. అమ్మకి స్వయానా అన్న.

"మీ అన్న మీద కాదు. ఆయన వెనకున్న వ్యవస్థ మీద," అన్నాడు నాన్న.

"ఏటేటా నాకు చీర పెడుతోంది వ్యవస్థ కాదండీ, మా అన్న," అంది అమ్మ. మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. ఎన్నికల గురించి ఆమె మాట్లాడింది అంతే. చివరికి ఓటు ఎవరికి వేసిందో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నాకప్పుడు పదిహేడేళ్లు. పియుసి పూర్తయింది. నాన్న చేసేది లోకంలో ఎవరూ చెయ్యని గొప్ప పని అని నా నమ్మకం. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే ముందుగా సిగ్గనిపించేది ఆ నమ్మకం గురించే.

మా ఊరికి వెళ్లాలంటే నందిగామ దాటాక, జగ్గయ్యపేట ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు దిగి, మునేటి వైపు బండి బాట పట్టాలి. మెట్ట ఊరు. మిరప, పత్తి, జొన్న. వానలు పడితే నల్లరేగడి చెప్పుల్ని ఊడబెరికేది. ఎండాకాలం వస్తే తాగే నీళ్లకి కటకట. ఊరి మధ్య పెద్దబావి ఒక్కటే ఏ ఎండాకాలమూ ఎండేది కాదు. ఊరికి పడమట చిన్న చర్చి, దాని చుట్టూ పల్లె, అంటే హరిజనవాడ. పల్లెవాళ్లు మా పొలాల్లో కూలికి వచ్చేవాళ్లు. వాళ్ల బావి ఎండలు మొదలవగానే అడుగంటేది. ఆడవాళ్లు మునేటి ఇసకలో చెలమలు తవ్వి, ఊరిన నీళ్లని చిప్పతో తోడి కడవలు నింపుకునేవాళ్లు. అంత దూరం పోలేనివాళ్లు పెద్దబావికి ఎడంగా కడవలు పెట్టుకుని నిలబడేవాళ్లు. మా ఇళ్ల ఆడవాళ్లలో ఎవరికి దయ కలిగితే వాళ్లు పైనుంచి పోసేవాళ్లు. పల్లెవాళ్లు చేద ముట్టకూడదు. సెలవలకి ఊరొచ్చినప్పుడల్లా నేనిది చూస్తూనే ఉన్నా. చూసి ఏమీ అనుకోలేదు. నాన్న కూడా చూశాడు. ఆయన ఏమనుకున్నాడో ఎన్నికలప్పుడే మొదటిసారి విన్నాను.

మేం నాయనమ్మ ఇంట్లో దిగాం. ఎదురు వరసలో నాలుగిళ్లు దాటితే మామయ్య ఇల్లు. నాన్న పుస్తకాలు గోనెసంచుల్లో బండి మీద వస్తే, మామయ్య తన అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ, "బావా, ఎరువు బానే తోలిస్తన్నావు," అని నవ్వాడు. నాన్న కూడా నవ్వాడు. వాళ్లిద్దరూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదివారు. మామయ్య ఐదో తరగతితో ఆపేశాడు.

ప్రచారం మొదలైంది. నాన్నకి సైకిలు సరిగా రాదు. అయినా ఎర్రజెండా కట్టిన సైకిలెక్కి చేలగట్ల మీద వెళ్లేవాడు, రెండుసార్లు పత్తిచేలో పడ్డాడు. మిరపకోతల దగ్గర నిలబడి భూస్వామ్య వ్యవస్థ అవశేషాల గురించి చెప్పేవాడు. రైతులు కండువాతో మొహం తుడుచుకుంటూ, "అవునవును" అనేవాళ్లు. ఆయన వెనక తిరిగే వాళ్లలో మా కులంవాళ్లే ఎక్కువ. మా చిన్నాన్న వరసవాళ్లు, బావ వరసవాళ్లు, అందరూ పార్టీ సానుభూతిపరులు, అందరికీ పదేసి ఎకరాలకి తక్కువ లేదు. వాళ్ల ఓట్లు చీలిపోతాయని, గెలుపు పల్లె చేతిలో ఉందని ఊరందరికీ తెలుసు.

పల్లెలో మీటింగు చర్చి ముందు జరిగింది. ఆదివారం ప్రార్థన అయిపోయింది. అందరూ ఉతికిన బట్టల్లో ఉన్నారు. నాన్న ఆ రోజు మాట్లాడినంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. పుస్తకం భాష వదిలేశాడు. "మన ఊరు ఒక చిన్న దేశం. దీనికి పొలిమేరలున్నాయి, పన్నులున్నాయి, చట్టం ఉంది. లేనిదల్లా సమానత్వం ఒక్కటే," అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది.

అప్పుడు అక్కడి మిషన్ బళ్లో పాఠాలు చెప్పే ఆమె లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. బక్కపల్చగా, తెల్లచీర. ఊళ్లో అందరూ ఆమెని "ఏమే పంతులమ్మా" అని పిలుస్తారు. నాన్న ఒక్కడే "టీచరు గారూ" అనేవాడు.

"అయ్యగారూ, మీరు చెప్పిన దేశంలో బావి ఎవరిదండి?" అని అడిగింది.

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "అందరిదీ. నేను గెలిచిన మర్నాడే మీరంతా కడవలు తీసుకుని రండి. మొదటి చేద నా చేత్తో తోడి పోస్తా," అన్నాడు.

"మీరు పోయటం ఎందుకండీ? ఇప్పుడూ ఎవరో ఒకరు పోస్తానే ఉన్నారు. మేమే తోడుకోవాల."

"మీరే తోడుకుంటారు. నేను పక్కన నుంచుంటా. మాటిస్తున్నా," అన్నాడు నాన్న.

ఆ మాటతో పల్లె అంతా కదిలింది. ఆ తర్వాత టీచరు నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. గడప దగ్గర నాకు మంచమో పీటో వేసి, తాను నిలబడేది. "కూర్చోండి" అని నేనంటే, "పర్లేదమ్మా, అలవాటే," అనేది. నేను కూర్చునే ఉండేదాన్ని.

నాన్న గెలిచాడు. పల్లె ఓట్లు గుండుగుత్తగా ఆయనకే పడ్డాయి. డప్పులతో ఊరేగింపు తీసి, మామయ్య ఇంటి ముందు కావాలని కాసేపు ఆపారు. మామయ్య అరుగు మీదే కూర్చున్నాడు. లేచి లోపలికి పోలేదు.

డప్పులు ఆగి, పల్లెవాళ్లు వెళ్లిపోయాక, నాన్న వెనక తిరిగిన మావాళ్లంతా మా వసారాలో చేరారు. అమ్మ కాఫీలిచ్చింది. కాస్త సణుగుడు అయ్యాక అందర్లోకీ పెద్దాయన, నాకు తాత వరస, గొంతు సవరించుకున్నాడు.

"అబ్బాయ్, ఆ బావి సంగతి కొన్నాళ్లు ఆపు."

"అదేంటి బాబాయ్? మీరంతా ఆ మీటింగులో ఉన్నారుగా. చప్పట్లు కొట్టారుగా."

"కొట్టాం. ఎలక్షను. సిద్ధాంతం మాకు తెలవక కాదు. ఇళ్లల్లో ఆడాళ్లు ఒప్పుకోటంలా. రేపు వాళ్లొచ్చి చేద ముట్టుకుంటే మర్నాటినుంచీ మేమంతా నీ వెనక ఉండం. ముందే చెపుతున్నాం."

నాన్న వాదించాడు. అంటరానితనం మీద చట్టం వచ్చి ఏళ్లయిందన్నాడు. రష్యా సంగతి చెప్పాడు. లోపలినుంచి నాయనమ్మ గడప దాకా వచ్చి, "ఆ నీళ్లు నా వంటింట్లోకొస్తే నేనీ ఇంట్లో ముద్ద ముట్టను," అని వెళ్లిపోయింది. ఆ తర్వాత నాన్న గొంతు తగ్గింది. "ముందు చైతన్యం రావాలి, నిజమే. తొందరపడితే ప్రతిఘాతం వస్తుంది," అనడం వినబడింది. ఆ మాట ఆయన వాళ్లతో అన్నాడో, తనకి తాను చెప్పుకున్నాడో నాకు తెలియలేదు.

తెల్లవారాక నేను లేచేసరికి నాన్న అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. చేతిసంచి సర్దుకుని ఉంది.

"ఎక్కడికి నాన్నా?"

"బెజవాడ. పార్టీ ఆఫీసులో అర్జంటు పని." అద్దంలోనే నన్ను చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "వాళ్లొస్తే, ఆదివారం పద్ధతి ప్రకారం చేద్దామన్నానని చెప్పు."

"మీరు పక్కన నుంచుంటానని మాటిచ్చారుగా?"

"పద్ధతి ప్రకారం చెయ్యాలమ్మా," అన్నాడు. బస్సు వేళకి చాలా ముందే ఇంట్లోంచి వెళ్లిపోయాడు. రోడ్డుకి పడమటి దారి దగ్గర. అటు వెళితే పల్లె మీదుగా పోవాలి. ఆయన తూర్పు దారినే చుట్టు తిరిగి వెళ్లాడు. నేను వీధి గుమ్మంలో నిలబడి చూశాను.

వాళ్లొచ్చారు. ముందు టీచరు, వెనక ఇరవై మందో ముప్పై మందో ఆడవాళ్లు. అందరూ చర్చికి కట్టుకునే చీరలే కట్టుకున్నారు. కడవలు ఇసకతో తోమి తళతళలాడుతున్నాయి. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనే వెళ్లి గేటు దగ్గర నిలబడ్డాను.

"నాన్నగారు తయారయ్యారామ్మా?" అంది టీచరు.

"నాన్న బెజవాడ వెళ్లారండి. అర్జంటు పనట. ఆదివారం పద్ధతి ప్రకారం..."

"ఎప్పుడెళ్లారమ్మా?"

"పొద్దున్నే."

వెనకనుంచి ఒక ముసలావిడ, "తప్పుకున్నాడా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. వాన వస్తుందా అని అడిగినట్టు అడిగింది. ఎవరో కడవ చంక మార్చుకున్నారు. వాళ్లు తిట్టి ఉంటే లోపలికి పరిగెత్తేదాన్ని. తిట్టలేదు కాబట్టి అక్కడే నిలబడాల్సి వచ్చింది.

వాళ్లు వెనక్కి తిరిగారు. తిరిగేటప్పుడు దారి మామయ్య అరుగు ముందునుంచే. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, "ఏందమ్మా, మీ ప్రెసిడెంటు రాలా?" అన్నాడు.

టీచరు ఆగింది. "ఊళ్లో లేరంటండి."

మామయ్య మా ఇంటివైపు చూశాడు. గేటు దగ్గర నన్నూ చూశాడు. కాసేపు చుట్ట కొసని గోటితో గిల్లుతూ కూర్చున్నాడు. తర్వాత లేచి కండువా దులిపి భుజాన వేసుకుని, "పదండి. ఓడిపోయినోణ్ణి, నాకింక పోయేదేముంది?" అన్నాడు.

నేను వెళ్లకుండా ఉండలేకపోయాను. దూరంగా, ఒక గోడ పక్కన నిలబడి చూశాను. బావి దగ్గరున్న మావాళ్ల ఆడవాళ్లు చేదలు వదిలేసి పక్కకి జరిగారు. మగవాళ్లు పోగయ్యారు. నిన్న సాయంత్రం మా వసారాలో కాఫీ తాగినవాళ్లే. తాత వరస పెద్దాయన, "ఏంట్రా ఇది? నీకూ ఎర్రజెండా ఎక్కిందా?" అన్నాడు.

"నాకే జెండా లేదు. మాటాడేదుంటే నాతో మాటాడండి. లేదంటే నందిగామ పోయి పోలీసులతో మాటాడుకోండి, చట్టం ఏం చెపుతుందో వాళ్లు చెపుతారు," అన్నాడు మామయ్య. ఆ గొంతుకి ఊరంతా ఎన్నో ఏళ్లుగా అలవాటుపడి ఉంది. ఎవరూ ముందుకు రాలేదు.

టీచరు చెప్పులు విడిచి బావి గట్టెక్కింది. చేద లోపలికి వదిలింది. గిలక కిర్రుమంది. రెండు చేతులా తాడు లాగింది. చేద పైకొచ్చింది. ముందు తన కడవలో కాదు, తప్పుకున్నాడా అని అడిగిన ముసలావిడ కడవలో పోసింది. ఆ ముసలావిడ అక్కడే కడవ వంచి, దోసిలి పట్టి తాగింది.

మామయ్య వాళ్లని చూడటం లేదు. ఆయన మా ఇంటివైపే చూస్తున్నాడు. మొహంలో పండగ చేసుకుంటున్న కళ. అది చూశాక, ఆయన ఎందుకొచ్చాడో నాకు సందేహం లేకుండా పోయింది.

ఇంటికొస్తే అమ్మ వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నేను చెప్పాను. "మా అన్నా?" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత చాలాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అన్న చేసిన పనికి సంతోషమో, భర్త చెయ్యని పనికి సిగ్గో, నేనడగలేదు. ఆ రోజు ఇద్దరం అన్నం తినలేదు. నాయనమ్మ మాత్రం తింది.

నాన్న ఆదివారం వచ్చాడు. జరిగింది బస్సు దిగిన చోటే ఎవరో చెప్పేశారు. పద్ధతి ప్రకారం చెయ్యడానికి నందిగామనుంచి ఫొటోగ్రాఫరుని కూడా తీసుకొచ్చాడు, వెనక్కి పంపలేకపోయాడు. సాయంత్రం బావి దగ్గర మీటింగు పెట్టారు. మామయ్య తెరిచేశాడు కాబట్టి ఇక మావాళ్లకి కూడా అడ్డు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. నాన్న మాట్లాడాడు. పల్లెనుంచి కొందరు ఆడవాళ్లు వచ్చి, నిలబడమన్నచోట నిలబడి, నీళ్లు తోడారు. నాన్న పక్కన నిలబడ్డాడు. ఫొటో తీశారు. టీచరు రాలేదు. ఆ ఫొటో తర్వాత పేపర్లో పడింది. నాన్న దాన్ని కత్తిరించి పుస్తకాల మధ్య పెట్టుకున్నాడు గానీ ఎవరికీ చూపించగా నేను చూడలేదు.

కొన్నాళ్లకి చర్చి దగ్గర కనబడితే టీచరుతో, "మమ్మల్ని క్షమించండి," అన్నాను.

"నువ్వేం చేశావమ్మా?" అంది. "మీ మామయ్యగారు మా కోసం వచ్చారని మేమూ అనుకోటంలా. ఎవరి కోసమైతేనేం, నీళ్లయితే తెచ్చుకుంటున్నాం." పిల్లల పలకలు సర్దుకుంది.

నాన్న ప్రెసిడెంటుగా చెడ్డవాడేం కాదు. రోడ్డు వేయించాడు, పల్లెకి దీపాలు తెప్పించాడు. కానీ పల్లెలోకి వెళ్లినప్పుడు ఎక్కువసేపు ఉండేవాడు కాదు. పదవి అయిపోయాక మళ్లీ నిలబడలేదు. నందిగామలో ఒక టుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు. మామయ్యతో మాటలు పూర్తిగా పోయాయి. మామయ్య పోయినప్పుడు నాన్న వెళ్లి, పాడె పట్టుకుని నడిచాడు.

అరవైల చివర్లో, మామయ్య పోయి ఏడాది దాటాక, జగ్గయ్యపేటలో నాన్నకి సన్మానం చేశారు. పల్లెటూళ్ల ఆర్థిక పరిస్థితి మీద ఆయన చిన్న పుస్తకం రాశాడు. దాన్ని విడుదల చేస్తూ శాలువా కప్పే సభ. నేనప్పటికి నందిగామలో టీచరుగా చేరాను. వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. సభ మొదలయ్యాక ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. చూస్తే పల్లె టీచరే. జగ్గయ్యపేట బడికి బదిలీ అయి వచ్చానని, నాన్న పేరు గోడ మీద చూసి వచ్చానని చెప్పింది. జుట్టు అక్కడక్కడా నెరిసింది.

వేదిక మీద ఒక లాయరు మాట్లాడుతూ, "పుస్తకాల్లో విప్లవం గురించి చదివినవాళ్లు చాలామంది. సొంత కులాన్నీ, సొంత బంధువుల్నీ ఎదిరించి, గెలిచిన మర్నాడే ఊరి బావి దగ్గర నిలబడి హరిజనుల చేత నీళ్లు తోడించిన మనిషి ఈయన ఒక్కడే," అన్నాడు. హాలంతా చప్పట్లు. నా పక్కన కూర్చున్నావిడ చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆ లాయరు అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఎవరో చెప్పింది నమ్మాడు. నమ్మనిచ్చినవాడు ఆ పక్కనే శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆయన మా నాన్న.

నాన్న మైకు దగ్గరికొచ్చాడు. "ఆ బావి విషయంలో..." అని మొదలుపెట్టి, నా కోసం చూశాడు. నా పక్కనున్న ఆమెని చూశాడు. ఆగిపోయాడు. గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు. ఇప్పుడు చెపుతాడు, అనుకున్నాను. చెప్పాలని ఎంత కోరుకున్నానంటే ఎదుటి కుర్చీ గట్టిగా పట్టుకున్నాను.

"ఆ బావి విషయంలో ఘనత నాది కాదు, ప్రజలది," అన్నాడు నాన్న. మళ్లీ చప్పట్లు. ఇందాకటికన్నా ఎక్కువ.

సభ అయ్యాక టీచరు ఆయన దగ్గరికి వెళ్లి నమస్కారం పెట్టింది. "ఆరోగ్యం బావుందా అండి? బాగా చిక్కిపోయారు," అంది. నాన్న, "బావున్నా టీచరు గారూ," అని, ఇంకేదో అనబోయి, చుట్టూ జనం ఉండటంతో ఊరుకున్నాడు. ఆమె వెళ్లిపోయింది.

నందిగామ బస్సులో నాన్నా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. శాలువా మడిచి సంచిలో పెట్టాడు. చిల్లకల్లు దాటాక అడిగాడు.

"ఆవిడ నీతో ఏమన్నా అందా?"

"ఏమీ అనలేదు."

"ఏదన్నా అనుంటే బావుండేది," అన్నాడు.

"మీరే అనొచ్చుగా నాన్నా. మైకు మీ చేతిలో ఉంది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అంతమందిలో ఎట్టా చెప్పనే?" అన్నాడు. ఇంట్లో కూడా పుస్తకం భాష మాట్లాడే మనిషి ఆ ఒక్క మాటా ఊరి యాసలో అన్నాడు. నాకు జాలేసింది. జాలి పడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ వారంలోనే ఆయన ఒక్కడే ఊరెళ్లి, మామయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, అత్తయ్యకి జగ్గయ్యపేట సభ సంగతంతా చెప్పాడట. తర్వాత అత్తయ్యే నాకు చెప్పింది. "ఆ పేరు బావకి రావాల్సింది, నేను తీసుకున్నా," అన్నాడట. అత్తయ్య, "ఇప్పుడెందుకులెండి అన్నయ్యగారూ. ఆయనైనా ఆ రోజు మంచితనంతో వెళ్లలా. మీ మొహం ఎట్టా ఉంటదో చూడాలని వెళ్లాడు. ఇంటికొచ్చి చెప్పుకుని చెప్పుకుని నవ్వాడు," అందట. నాన్న మంచినీళ్లు కూడా పుచ్చుకోకుండా లేచి వచ్చేశాడని చెప్పింది.

ఆ తర్వాత కూడా ఆయన సభలకి వెళ్లాడు. పిలిచేవాళ్లు, కాదనలేకపోయేవాడు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు బావి మాట ఎత్తేవాళ్లు. ఆ మాట రాగానే నాన్న తల దించుకునేవాడు. చూసేవాళ్లు అది వినయం అనుకునేవాళ్లు. పక్కనే కూర్చుని నేనది చూడలేక, కొన్నాళ్లకి ఆయనతో సభలకి వెళ్లడం మానేశాను. ఎందుకు రావడం లేదని ఆయన నన్ను ఎప్పుడూ అడగలేదు.